మూడో వరస నుంచి బండి ముచ్చట

"బండి ఎలా ఉందండీ?" అని ఎవరు అడిగినా మా ఇంట్లో జవాబు చెప్పేది ముందు సీటే. మైలేజీ బాగా ఇస్తోంది, పికప్ అదిరింది, హైవే మీద నూరు దాటినా తొణకదు, రేపు అమ్మినా రేటు పడిపోదు. అన్నీ నిజమే కావచ్చు. కానీ ఏడుగురు కూర్చునే బండి అన్నాక ఏడుగురికీ ఏదో ఒక అనుభవం ఉండి తీరాలి కదా, మరి బయటికి వినిపించేది ఒక్కరిదే ఎందుకు? వెనక కూర్చున్నవాళ్ళని "మీకెలా ఉందమ్మా" అని అడిగిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. సరే, అడక్కపోయినా చెప్తాను. ఆరేళ్ళుగా మా బండిలో మూడో వరస, కుడివైపు కిటికీ, నాది.

పెద్ద బండి మన ఇళ్ళల్లోకి ఎలా వచ్చిందో మీకు తెలిసిందే. 2000లో క్వాలిస్ వచ్చింది, 2005లో దాన్ని ఆపేసి ఇన్నోవా తెచ్చారు, 2012లో కాస్త తక్కువ ధరకి ఎర్టిగా వచ్చింది. ఇప్పుడు మన వైపు ఏ కంపెనీ బండి కుదుర్చుకున్నా "తిరుపతికి ఇన్నోవా మాట్లాడాం" అనే అంటున్నాం, ఏ సబ్బుపొడి కొన్నా సర్ఫ్ అన్నట్టు. మాది ఏ కంపెనీదో చెప్పను. కంపెనీతో నాకు పేచీ లేదు, బండి బాగానే తిరుగుతోంది. నా పేచీ అంతా "ఫ్యామిలీ కోసం" అన్న మాటతో.

ఆ మాట మీదే కొన్నారండీ మా బండిని. అమ్మానాన్నలని ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు, తమ్ముడు వాళ్ళొస్తే రెండు బండ్లు అక్కర్లేదు, అందరం కలిసి కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళొచ్చు అని మావారు లెక్క చెప్పారు. షోరూముకి నలుగురం వెళ్ళాం. ఆయన స్టీరింగు ముందు కూర్చున్నారు. మా మరిది బోనెట్ ఎత్తించి చూశాడు. మామయ్యగారు మధ్య వరసలో కాళ్ళు చాపుకుని "హాయిగా ఉందిరా" అన్నారు. నన్ను రంగు అడిగారు. డౌన్ పేమెంటుకి కాస్త తక్కువైతే నా నాలుగు గాజులూ బ్యాంకులో పెట్టాం. పద్నాలుగు నెలలకి విడిపించారు, అబద్ధం ఆడకూడదు. ఆర్‌సీలో పేరు ఆయనది, ఫాస్టాగ్ మెసేజీలు ఆయన ఫోనుకి. బండి తుడిచే అబ్బాయికి నెలనెలా ఇచ్చేది మాత్రం ఇంటి ఖర్చులోంచి, అంటే నా చేతిలోంచి.

మూడో వరస అంటే ఏమిటో తెలియని అదృష్టవంతులెవరైనా ఉంటే వినండి. అక్కడ కాళ్ళ కింద నేల ఎత్తు, సీటు పల్లం. తొడలు సీటుకి ఆనవు, మోకాళ్ళు గుండెల దాకా వస్తాయి. కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతామే, అలా ఆరు గంటలు. సీటు దాదాపు వెనక చక్రాల మీదే ఉంటుంది కాబట్టి ముందువాళ్ళకి తెలియని స్పీడ్ బ్రేకరు మనకి నడుములో తెలుస్తుంది. కిటికీ అద్దం చిన్నది, చాలా బండ్లలో అసలు తెరుచుకోదు. ముందు సీట్లో ఆయనకి చలేస్తుంది, ఏసీ తగ్గిస్తారు. వెనక మా జాకెట్లు తడిసి వీపుకి అంటుకుపోయి ఉంటాయి.

ఇక ఘాట్ రోడ్డు. బండి మలుపు తిరుగుతోందని లోపలి చెవి చెప్తూ ఉంటుంది, కళ్ళకేమో కదలకుండా ఉన్న ముందు సీటు వీపు తప్ప ఇంకేమీ కనపడదు. ఆ రెండింటికీ పొత్తు కుదరకే కడుపులో తిప్పేది. దూరంగా రోడ్డు కనపడే ముందు సీట్లో ఆ బాధ తక్కువ, స్టీరింగు పట్టుకున్నవాళ్ళకి ఇంకా తక్కువ. తిరుమల కొండ దిగేటప్పుడు 40 నిమిషాల కంటే ముందు కిందికి చేరకూడదని నిబంధన. మంచి నిబంధనే, కాదనను. ఆ నలభై నిమిషాలూ నేను ఒక చేత్తో నిమ్మకాయ, ఒక చేత్తో ప్లాస్టిక్ కవరు పట్టుకుని గోవిందనామాలు చెప్పుకుంటాను. ఇంటికొచ్చాక చుట్టాలందరితో "తనకి ప్రయాణాలు పడవండీ" అంటారు. సీటుకి రావాల్సిన చెడ్డపేరు నాకొచ్చింది.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోకూడనిది ఒకటుంది. మూడో వరసలోంచి దిగాలంటే మధ్య వరసవాళ్ళు ముందు దిగాలి, ఆ సీటు మడవాలి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని వంగి పక్కకి తిరిగి బయటపడాలి. మధ్యలో కూర్చున్న అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. టీ కోసం బండి ఆగినప్పుడల్లా ఆవిణ్ణి దింపి ఎక్కించడం ఎందుకులే అని నేనూ మా తోటికోడలూ కదలం. కదలం కాబట్టి నీళ్ళు తాగం. హైదరాబాదులో గేటు దాటినప్పుడు రెండు గుక్కలు, మళ్ళీ విజయవాడలో. మే నెలైనా అంతే. ఎందుకు తాగమో మగవాళ్ళకి విడమర్చి చెప్పాలేమో గానీ మీకక్కర్లేదు. ఊరు చేరాక తలనొప్పి, ఒంటేలుకి వెళ్తే మంట, రెండు రోజులు బార్లీ నీళ్ళు. మైలేజీ లెక్కల్లో ఇది ఎక్కడా రాదు.

మరి అక్కడ ఎవరు కూర్చోవాలో ఎవరు నిర్ణయించారు? ఎవరూ నిర్ణయించలేదండీ, అదే చమత్కారం. బండి గుమ్మం ముందు ఆగగానే మగవాళ్ళు ముందు తలుపు తీస్తారు, పెద్దవాళ్ళు మధ్య తలుపు, కోడళ్ళూ పిల్లలూ వెనక. భోజనాల దగ్గర ఏ వరస నడుస్తుందో బండిలోనూ అదే. పెద్దవాళ్ళు వెనక ఎక్కలేరు, నిజం. అత్తయ్యగారిని మధ్య వరసలో కూర్చోబెట్టడం న్యాయం, దానికి నాకే అభ్యంతరమూ లేదు. ముప్ఫై ఏళ్ళ మా మరిది ఏం పెద్దవాడని ముందు సీట్లో? అడిగితే "నా కాళ్ళు పొడుగు వదినా, వెనక పట్టను" అంటాడు. నవ్వుతూనే అంటాడు, మంచివాడే. కానీ ఆ మాటలో ఒక ఒప్పుకోలు ఉంది చూశారూ? పెద్దమనిషి పట్టని సీటుని సీటుగా లెక్కేసి డబ్బు కట్టాం. అది అయిదుగురు పెద్దవాళ్ళకీ ఇద్దరు చిన్నపిల్లలకీ పనికొచ్చే బండి. ఆ మాట కొనే రోజునే చెప్పుకుని ఉంటే, ఆరో పెద్దమనిషినీ ఏడో పెద్దమనిషినీ ఎక్కించుకునే ప్రతి ప్రయాణంలోనూ ఎవరు ఇరుక్కోవాలన్నది వంతుల మీద నడిచేది. చెప్పుకోలేదు. కాబట్టి నోరు లేని వైపుకి ఆ సీటు దొర్లిపోయింది.

"ఆడవాళ్ళంతా వెనక చేరితే హాయిగా కబుర్లు చెప్పుకుంటారు" అనేవాళ్ళున్నారు. డిక్కీలోంచి మజ్జిగ క్యాను ఒరిగి చీర తడుపుతుంటే చెప్పుకునే కబుర్లు ఎలా ఉంటాయో వాళ్ళకి తెలియదు.

డిక్కీ అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను. ఎర్టిగా లాంటి బండిలో మూడు వరసలూ లేపి ఉంచితే వెనక మిగిలే చోటు 209 లీటర్లు. మన లెక్కలో ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు పది. ఏడుగురు మనుషులు, నాలుగు రోజుల బట్టలు, పసిపిల్ల పాలసీసాలు, అత్తయ్యగారి మందుల సంచి, పెట్టుబడి చీరలు, తిరుగు ప్రయాణంలో బియ్యం బస్తా, పచ్చడి జాడీలు, అరటి గెల. పది క్యాన్ల చోటులో పట్టనివన్నీ ఎక్కడికెళ్తాయి? మా ఒళ్ళోకి, మా కాళ్ళ కిందికి. సీట్లు పెరిగితే చోటు పెరుగుతుందనుకుంటాం, నిజానికి సీటు లేచిన ప్రతిసారీ సామాను చోటు పోతుంది. ఇది ఎవరూ దాచిపెట్టిన రహస్యం కూడా కాదు, కంపెనీవాళ్ళు వివరాల్లో అచ్చేసే అంకెలే. చదివేవాళ్ళు మైలేజీ దగ్గర ఆగిపోతారు.

అందరూ అందలం ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరని సామెత. పెద్ద బండిలో మోసేవాళ్ళు కూడా లోపలే కూర్చుంటారు, అంతే తేడా. చిన్న కారున్నప్పుడు మా ప్రయాణం నలుగురిది. పొద్దున్నే ఇడ్లీ తినేసి బయల్దేరేవాళ్ళం. పెద్ద బండి వచ్చాక "మీ బండిలో చోటుందిగా" అని పిన్నిగారూ, "నన్ను దార్లో నార్కట్‌పల్లి దగ్గర దింపెయ్యండి" అని ఆయన స్నేహితుడూ. తెల్లారుజామున మూడింటికి లేచి ఏడుగురికి పులిహోర, పెరుగన్నం, పిల్లలకి విడిగా పొడి ఇడ్లీ. కాయితం ప్లేట్లు, చేతులు తుడుచుకునే గుడ్డలు, చెత్తకో సంచి. ఊరు చేరగానే ఆయన "డ్రైవింగ్ చేసి అలిసిపోయాను" అని మంచమెక్కుతారు, ఎక్కాల్సిందే, ఆరు గంటలు నడిపారు పాపం. వెనక మోకాళ్ళు ముడుచుకున్న ఆరు గంటల్ని అలసట అనరు కాబట్టి నేను వంటింట్లోకి వెళ్తాను. తిరిగొచ్చాక సీటు సందుల్లో జంతికల ముక్కలు ఏరడం, పిల్ల కక్కిన చోట వంటసోడా చల్లి రుద్దడం, కవర్లు విప్పి ఉతికి ఆరేసి మళ్ళీ తొడగడం. పోయినేడు వంటింట్లో వేలాడే కేలెండరు మీద, మూడో వరసలో పెద్దవాళ్ళు కూర్చున్న రోజుల్లో చిన్న గీత పెట్టాను. ఏడాది చివర లెక్కేస్తే పదకొండు గీతలు. మిగతా రోజులన్నీ ఆ బండిలో ఆయనొక్కరే ఆఫీసుకెళ్ళారు. పదకొండు రోజుల కోసం నెలనెలా ఈఎంఐ కడుతున్నాం, ఆ పదకొండు రోజులకీ అద్దె బండి ఎంతవుతుందో ఆయన్నే లెక్క వెయ్యమన్నాను. ఇంకా వేస్తున్నారు.

ఇంతవరకూ చెప్పినవి సుఖదుఃఖాల సంగతి. ఇప్పుడు చెప్పేది ప్రాణాల సంగతి, దీనికోసమే ఇదంతా రాస్తున్నాను.

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్తున్నాం. పంతంగి టోల్ గేటు దగ్గర సంక్రాంతి రద్దీ ఎలా ఉంటుందో టీవీలో చూసే ఉంటారు. అది దాటేసరికే ఆలస్యమైందని చిరాకు, దాటగానే అందరూ ఒక్కసారిగా పరుగు. మా ఆడపడుచు కొడుకు, ఆరేళ్ళవాడు, రెండు ముందు సీట్ల మధ్య నిలబడ్డాడు. వాడికది అలవాటు, రోడ్డంతా కనిపిస్తుందని. ముందు లారీ ఆగింది, ఆయన బ్రేకు తొక్కారు. పెద్ద దెబ్బేమీ కాదు, బండికి గీతైనా పడలేదు. పిల్లవాడు మాత్రం గేరు మీద పడి పెదవి చీలి, పాలపన్ను ఊడి చొక్కా అంతా రక్తం. "ఊడే పన్నేలే" అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు చల్లబడిపోయింది, ఎందుకంటే ఆ సమయంలో మా పాప నా ఒళ్ళో ఉంది, నాకు బెల్టు లేదు. లేదంటే బండిలో లేదని కాదు. కొన్న వారానికే ఓ దుకాణంలో తోలు సీటు కవర్లు వేయించారు. కుట్టినవాళ్ళు మూడో వరసలో బెల్టు తగిలించే కొక్కేలని లోపలే పెట్టి కుట్టేశారు. ఆరేళ్ళుగా ఎవరూ చూడలేదు, ఎందుకంటే చూడగలిగినవాళ్ళెవరూ అక్కడ కూర్చోలేదు.

తెనాలిలో దిగగానే అత్తయ్యగారి కుట్టుమిషను పెట్టెలోంచి కత్తెర తీసుకొచ్చి ఆ కుట్లు విప్పేశాను. కొక్కేలు బయటికొచ్చాయి, కొత్తవాటిలా తళతళలాడుతూ. "అంత ఖరీదు పెట్టి వేయించాం" అని ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. సీటు పక్కనుంచి గాలిసంచి తెరుచుకునే బండ్లలో అయితే ఇలాంటి కవరు ఆ సంచికి కూడా అడ్డం పడుతుంది, ఆ మాట కూడా అప్పుడే చెప్పాను.

చట్టం ఏమంటుందో చూడండి. ముందుకు తిరిగి ఉన్న వెనక సీట్లలో వాళ్ళూ బెల్టు పెట్టుకోవాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఎప్పటినుంచో ఉంది. 2019లో సవరించిన చట్టం ప్రకారం బెల్టు లేకపోతే 1000 రూపాయలు, పద్నాలుగేళ్ళలోపు పిల్లలకి బెల్టో పిల్లల సీటో లేకపోయినా 1000. 2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ, ఖరీదైన కారులో, వెనక సీట్లో, బెల్టు లేకుండా ప్రయాణిస్తూ పాల్ఘర్ దగ్గర చనిపోయారు. ఆ వారమంతా ప్రతి ఇంట్లో వెనక బెల్టు గురించే మాట. తర్వాత ఎవరింట్లో ఎవరు పెట్టుకుంటున్నారో మీకే తెలుసు. మా దగ్గర టోల్ గేటు కనపడితే ముందు సీట్లో రెండు బెల్టులు టిక్కుమంటాయి. పోలీసు చూపు పడే దాకానే ఫ్యామిలీ, ఆ వెనక ఉన్నది సామాను.

పసిబిడ్డని ఒళ్ళో పట్టుకుంటే క్షేమమని మనలో చాలామంది నమ్మకం. తల్లి చేతుల కంటే గట్టిదేముందంటారు. యాభై, అరవై వేగంలో బండి హఠాత్తుగా ఆగితే పదికిలోల బిడ్డని ఆపడానికి మన చేతుల బలం చాలదు, పైగా బెల్టు లేని మన ఒళ్ళే వెళ్ళి బిడ్డ మీద పడుతుంది. ఇందులో ప్రేమ ఎక్కువ తక్కువల ప్రశ్నే లేదు. పిల్లల సీటు కొనమంటే "రెండేళ్ళలో పెరిగిపోతుంది, దండగ" అన్న ఇంట్లోనే రివర్స్ కెమెరాకీ పాటల సిస్టముకీ డబ్బులొచ్చాయి.

ఇంకో మాట. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద చిన్న స్టిక్కరు ఉంటుంది, చూడండి. ఇద్దరు ముగ్గురు ఎక్కినప్పుడు టైర్లలో గాలి ఎంతుండాలి, నిండా మనుషులూ సామానూ ఉన్నప్పుడు ఎంతుండాలి అని చాలా బండ్లకి విడివిడిగా రాసి ఉంటుంది. పండక్కి బయల్దేరేముందు ఆ స్టిక్కరు చదివినవాళ్ళు మీ ఇంట్లో ఉన్నారా? మా ఇంట్లో బండి సంగతులన్నీ తెలిసినవాళ్ళు ముగ్గురున్నారు. చదివింది నేను.

అలాంటప్పుడు నువ్వే నడపొచ్చుగా అంటారా? అదే నా మాటానూ. పెద్ద బండి రాకముందు చిన్న కారు నేనూ నడిపేదాన్ని. పిల్లల స్కూలూ, రైతుబజారూ, మా అమ్మావాళ్ళిల్లూ. దాన్ని ఇచ్చేసి ఇది తెచ్చారు, "నీకిది పెద్దదైపోతుంది" అన్నారు, నా చేతిలోంచి స్టీరింగు పోయింది. ఆల్టో నడపడానికి ఏ లైసెన్సో ఇన్నోవా నడపడానికీ అదే, ఒక్క ముక్క తేడా లేదు. ఆల్టో పొడుగు సుమారు మూడున్నర మీటర్లు, ఇన్నోవా క్రిస్టా 4.735. ఆ మీటరూ పావు దూరం నేర్చుకోవడానికి ఎన్ని రోజులు పడుతుంది? నాకు తొమ్మిది ఆదివారాలు పట్టింది, ఈ ఫిబ్రవరి, మార్చిల్లో. పొద్దున ఆరింటికి, ఖాళీ రోడ్డు మీద, తర్వాత మా అపార్ట్‌మెంటు సెల్లారులో స్తంభాల మధ్య. నేర్పింది డ్రైవింగు స్కూలు ఆవిడ. ఆయన పక్కన కూర్చుంటే అయ్యే పని కాదని ఇద్దరికీ తెలుసు.

ఉగాదికి వెళ్ళేటప్పుడు సూర్యాపేట దాకా నేను నడిపాను. మా మరిది మూడో వరసలో కూర్చున్నాడు, కాళ్ళు పట్టాయి, కాస్త పక్కకి పెట్టుకోవాలంతే. కోదాడ రాకముందే "వదినా, ఏసీ పెంచవా" అన్నాడు. అత్తయ్యగారు మాత్రం దారంతా మాట్లాడలేదు, మగపిల్లవాణ్ణి వెనక వేశానని. కోడలు స్టీరింగు పట్టుకుంటే భయమని కూడా అని ఉంటారు, నాతో అనలేదు. ఆవిడ తప్పేమీ లేదు, ఆవిడ కాలంలో ఎడ్లబండిలో కూడా ముందు కూర్చున్నది మామయ్యగారే. కానీ టీ దగ్గర ఆగినప్పుడు నేనూ తోటికోడలూ మా తలుపులు మేమే తీసుకుని దిగాం. నీళ్ళు తాగాం.

పెద్ద బండి వద్దని నేను అనను. ముసలివాళ్ళున్న ఇంటికి అది ఆసరా. మామయ్యగారికి కంటి ఆపరేషన్ అయినప్పుడు ఆయన్ని వెనక్కి వాల్చి తీసుకొచ్చింది అందులోనే. కొనేటప్పుడు వెనక కూర్చోబోయేవాళ్ళని అడగండి అంటున్నాను.

గుంటూరులో మా పెద్దమ్మ కూతురు వాళ్ళు ఈ శ్రావణంలో ఏడు సీట్ల బండి కొంటున్నారట. నిన్న ఫోను చేసి "బావగారు షోరూముకి రమ్మన్నారే, రంగు చూడ్డానికి" అంది. రంగు సంగతి తర్వాత చూద్దువుగాని, చీర కట్టుకుని వెళ్ళక్కా అన్నాను, పంజాబీ డ్రెస్సు వద్దు. మధ్య సీటు మడిచి నువ్వే ఎక్కు, పిల్లని కూడా ఎక్కించుకో. ఒళ్ళో ఓ బరువైన సంచి పెట్టుకో. బెల్టు వెతుక్కుని పెట్టుకో. బావగారిని నీ పక్కనే మూడో వరసలో కూర్చోమను, మీ మామగారిని మధ్యలో వెనక్కి వాలమను, తలుపులన్నీ వేయించు. అలా అరగంట కూర్చో, అయిదు నిమిషాలకి లేవకు. షోరూము కుర్రాడు ఏమనుకుంటాడో అంది. ఏమీ అనుకోడు, కాఫీ కూడా ఇస్తారు.